ప్లాన్ల పీడీఎఫ్‌లో పేరుకుపోయిన వ్యాఖ్యలు: షీట్ మళ్లీ చదవగలిగేలా చేయడం ఎలా?

ప్రశ్న:
మా ప్రాజెక్టు డ్రాయింగులన్నీ పీడీఎఫ్ రూపంలో ఉన్నాయి. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ బృందాలవారు అందరూ ఒకే ఫైలు మీద గుర్తులు పెడుతూ వచ్చారు. ఇప్పుడు మొదటి అంతస్తు ప్లాన్ తెరిస్తే, మెట్ల పక్కనున్న బీమ్ మీద ఎర్రటి క్లౌడ్‌లు (మబ్బు ఆకారపు గుర్తులు) ఒకదానిపై ఒకటి పడి, బీమ్ కొలత కూడా కనబడడం లేదు. పైగా మాలో ఎవరూ రాయని వ్యాఖ్యలు జాబితాలో వేలకొద్దీ ఉన్నాయి. అన్నింటినీ ఫ్లాటెన్ చేస్తే (పేజీలో కలిపేస్తే) ఈ చిక్కు తీరుతుందా? దయచేసి తెలియజేయగలరు.

సమాధానం:
దయచేసి ఇప్పుడే ఫ్లాటెన్ చేయకండి. పీడీఎఫ్‌లో డ్రాయింగు గీతలు వేరుగా, వాటి మీద మనం పెట్టే గుర్తులు వేరుగా ఉంటాయి. ప్రతి గుర్తుతో పాటు రాసినవారి పేరు, తేదీ, రకం, స్థితి నమోదై ఉంటాయి. ఫ్లాటెన్ చేయగానే గుర్తు పేజీలోని గీతల్లో కలిసిపోతుంది. గజిబిజి అలాగే ఉండిపోతుంది, దాన్ని దాచే వీలు మాత్రం సాధారణంగా చేజారుతుంది.

ముందుగా ఎవరూ రాయని వ్యాఖ్యల సంగతి చూడండి. రాసినవారి పేరు ఉండాల్సిన చోట ‘ఆటోక్యాడ్ ఎస్‌హెచ్‌ఎక్స్ టెక్స్ట్’ అని ఉంటే, అవి డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్ అయిన ఆటోక్యాడ్ తనంతట తాను చేర్చినవి. ఎస్‌హెచ్‌ఎక్స్ అనే ఆటోక్యాడ్ ఫాంట్లలోని అక్షరాలు పీడీఎఫ్‌లోకి ఉత్త గీతలుగా వస్తాయి కాబట్టి, వెతికితే దొరకాలన్న ఉద్దేశంతో ప్రతి మాటకూ ఒక వ్యాఖ్యను జత చేస్తుంది. ఆ పేరుతో వడకట్టి వాటన్నిటినీ తొలగించినా డ్రాయింగులో కనిపించే అక్షరాలకు ఏమీ కాదు. వాటిని వెతికే సౌకర్యం మాత్రమే పోతుంది. ఇకపై రాకుండా ఉండాలంటే, డ్రాయింగు తయారుచేసేవారిని పీడీఎఫ్‌ఎస్‌హెచ్‌ఎక్స్ అనే సిస్టమ్ వేరియబుల్‌ను (ఆటోక్యాడ్‌లోని ఒక సెట్టింగును) 0గా పెట్టి మళ్లీ పీడీఎఫ్ తీయమని అడగండి. 2016 వెర్షన్ వాడుతున్నవారికి దాని పేరు ఈపీడీఎఫ్‌ఎస్‌హెచ్‌ఎక్స్ అని ఉంటుంది. కంప్యూటర్‌లోని మామూలు ట్రూటైప్ ఫాంట్లకు మారడం ఇంకా మంచిది, అప్పుడు వెతుకులాట కూడా పనిచేస్తుంది.

మరో సభ్యుని సమాధానం:
పై సూచనతో ఏకీభవిస్తున్నాను. మిగిలిన అసలు వ్యాఖ్యల విషయానికి వస్తే, దేనినైనా తొలగించే ముందు వాటన్నిటినీ ఎక్స్‌ఎఫ్‌డీఎఫ్ ఫైలుగా (వ్యాఖ్యలను మాత్రమే దాచే ఫైలు) ఎగుమతి చేసి భద్రపరచండి. అదే షీట్‌లోకి ఎప్పుడు దిగుమతి చేసుకున్నా అవి తమ తమ స్థానాల్లోకి తిరిగి వస్తాయి. ఆ తరువాత అక్రోబాట్, బ్లూబీమ్ రెవ్యూ వంటి పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌లో రాసినవారిని బట్టి వడకట్టి, ఒక్కొక్క విభాగంతో విడిగా కూర్చోండి. ప్లంబింగ్ వారివి మాత్రమే కనబడేలా పెట్టుకుంటే, మీరు చెప్పిన బీమ్ దగ్గర వారు స్లీవ్ (గొట్టం వెళ్లడానికి బీమ్‌లో వదిలే రంధ్రం) అడిగినది ఏ క్లౌడ్‌లోనో, అదే మాటను మళ్లీ రాసినవి ఏవో తేలిపోతాయి. మళ్లీ రాసినవాటిని తీసేసి, మిగిలినదానికి ‘పూర్తయింది’, ‘తిరస్కరించబడింది’ వంటి స్థితి ఇవ్వండి. స్థితి మార్చే బాధ్యత ఒక్కరి చేతిలోనే ఉండాలని గట్టిగా చెబుతాను; అందరూ మారుస్తుంటే ఆ జాబితాను ఎవరూ నమ్మరు.

బ్లూబీమ్ రెవ్యూలో విభాగానికొక లేయర్ (విడిగా చూపే, దాచే పొర) పెట్టుకునే వీలుంది. ఇప్పటికే ఉన్న వ్యాఖ్యకు జవాబు చెప్పాల్సి వస్తే, పక్కన కొత్త క్లౌడ్ గీయకుండా ఆ వ్యాఖ్య కిందనే జవాబు రాసే అలవాటు చేయండి. షీట్ నిండిపోవడానికి, నా దృష్టిలో, అన్నిటికంటే పెద్ద కారణం ఈ అలవాటు లేకపోవడమే.

ప్రశ్న వేసినవారు:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండి. ఎస్‌హెచ్‌ఎక్స్ వ్యాఖ్యలు తీసేయగానే జాబితా చేతికి వచ్చింది. అయితే సైట్‌కు పంపే ప్రింటులో ఏవి ఉంచాలి? గుర్తులేవీ లేకుండా ప్రింటు తీయవచ్చా?

సమాధానం:
తీయవచ్చు. అక్రోబాట్ ప్రింట్ విండోలో ‘కామెంట్స్ అండ్ ఫామ్స్’ దగ్గర ‘డాక్యుమెంట్’ ఎంచుకుంటే గుర్తులు ముద్రణలోకి రావు. కానీ ఇంకా తేలని వ్యాఖ్య ఉన్న షీట్‌ను అలా పంపితే, సైట్‌లో పనిచేసేవారు దానిని అంతిమమనుకొని కాంక్రీటు పోసే ప్రమాదం ఉంది. వ్యాఖ్య ఆమోదం పొందినా అది డ్రాయింగు మార్పుతో సమానం కాదు. డిజైనరు దానిని డ్రాయింగులో చేర్చి, రివిజన్ సంఖ్య మార్చి విడుదల చేయాలి. అత్యవసరమై అంతవరకు ఆగలేకపోతే, ఫైలుకు నకలు తీసి, అందులో ఆమోదం పొందినవీ, ‘ఇక్కడ పని ఆపండి’ అని చెప్పాల్సినవీ మాత్రమే ఉంచి, ఆ నకలును ఫ్లాటెన్ చేసి, పేరులో రివిజన్, తేదీ రాసి పంపండి. మూల ఫైలు మాత్రం ఫ్లాటెన్ చేయకుండా మీ దగ్గరే ఉండాలి. కొత్త రివిజన్ వచ్చినప్పుడు తేలనివాటిని మాత్రమే దానిలోకి తీసుకెళ్లి, పాత షీట్‌ను దాని వ్యాఖ్యలతో సహా విడిగా దాచిపెట్టండి.