ఆడపిల్లకు ‘తెగువ’ అని పేరు పెట్టవచ్చునా?

మనుమరాలు విశాఖ నక్షత్రం మూడవ పాదంలో పుట్టిందనీ, ‘తే’ అక్షరం వచ్చిందనీ, కొడుకూ కోడలూ ‘తెగువ’ అని పేరు నిశ్చయించుకుంటే బంధువులు “అదేటి పేరమ్మా, ఆడగుంటకి తెగించడమేటి?” అని అడ్డుపడుతున్నారనీ విజయనగరం నుంచి మన బృందంలోని ఒక సభ్యురాలు రాశారు. నామనక్షత్రం చూసేవారు హ్రస్వదీర్ఘాల భేదం సాధారణంగా పట్టించుకోరు కనుక ‘తే’కు బదులు ‘తె’ రావడం ఇబ్బంది కాదు. మిగిలింది మాట అర్థం గురించిన అభ్యంతరమే.

‘తెగువ’కు మూలం ‘తెగు’ ధాతువు. చొరు నుంచి చొరవ, కొనడమనే అర్థమున్న విలుచు నుంచి విలువ వచ్చినట్లే తెగు నుంచి తెగువ వచ్చింది. తాడు తెగింది, చెరువు గట్టు తెగింది అన్నప్పుడు ఆ ధాతువు విడిపోవడాన్ని చెబుతుంది. సంతలో ఎడ్ల దగ్గర నిలబడి “బేరం తెగలేదు” అన్నప్పుడు అదే ధాతువు ఒక నిర్ణయానికి రావడాన్ని చెబుతుంది. ఈ రెండవ అర్థమే తెగువకు దారి తీసిందని నా అభిప్రాయం: చేయనా మాననా అనే ఊగిసలాట లోపల తెగిపోయిన తరువాత మనిషిలో నిలిచేది తెగువ. తమిళంలోనూ ఇదే జరిగింది. అక్కడ ‘తుణి’ అంటే తెగడం, తీర్మానించుకోవడం, తెగించడం; దాని నుంచి వచ్చిన ‘తుణివు’ ధైర్యానికి పేరు. ఆ తుణికి మన వైపు చుట్టాలు తునియ, తునక, తునుము మొదలైనవి. అవి ముక్కల దగ్గరే ఆగిపోగా, ధైర్యాన్ని చెప్పే పని మనకు ‘తెగు’ చేసిపెట్టింది.

అయితే బంధువుల అనుమానానికి ఆధారం బొత్తిగా లేదనలేము. “తెగించినవాడికి తెడ్డే లింగం” అనే సామెతలో గంజి కలిపే తెడ్డును లింగమనేసే మనిషికి భయంతోపాటు భక్తీ పోయింది. తెగబడటం నింద, తెంపరితనం నింద. కానీ “తెగువ చూపాడు” అని ఎవరినైనా తిట్టడం నేను వినలేదు. ఒకే కుదురులో పుట్టినా తెగబాటు ఒక దారి పట్టింది, తెగువ మరొక దారి పట్టింది. పేరుగా పెట్టదలచుకున్నది రెండవదానినే.

ఆ సభ్యురాలి ప్రశ్న కింద వ్యాఖ్యలో ఒక మిత్రులు ‘సాహస’ అనే పేరు మర్యాదగా ఉంటుందని సూచించారు. చెవికి మర్యాదగానే ఉంటుంది గాని, దాని పూర్వచరిత్ర అంత మర్యాదైనది కాదు. సహస్సు అంటే బలం. ధర్మశాస్త్రాలు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో, అంటే న్యాయవిచారణకు వచ్చే వివాదాల రకాలలో, సాహసం ఒకటి, అక్కడ దాని అర్థం బలాత్కారంగా చేసే నేరం. నేరాల పట్టికలో నుంచి వచ్చిన మాటను మెచ్చి, బేరసారాలలో తిరిగిన మాటను మొరటుదనడం న్యాయం కాదు. సంస్కృతమైతే పేరు, తెలుగైతే ఉత్త మాట అనుకునే అలవాటు ఇందులో చాలా ఉందని నాకు తోస్తుంది.

ఆ అలవాటు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు శోభించదు. పైడితల్లమ్మ కొలువున్న విజయనగరంలో ఉంటూ, వీధికొక పైడిరాజునూ పైడమ్మనూ పిలుస్తూ, ‘పైడి’ అచ్చమైన తెలుగు మాట అని గుర్తుంచుకునేవారు ఎందరు? పసిడి, పైడి ఒకటే. పచ్చదనాన్ని చెప్పే ‘పసి’ నుంచి వచ్చి బంగారానికి పేరైంది, పసుపూ ఆ కుదురులోదే. అంతకంటే గట్టి ఉదాహరణ శ్రీకాకుళం పల్లెల్లో వినిపించే తవుడు, తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, చేటలో పడుకోబెట్టి, ఇరుగుపొరుగు వారికి తవుడుకు అమ్మినట్లు చేసి తిరిగి తెచ్చుకునేవారు. ఇది పనికిరాని సరుకని మృత్యువు వదిలేస్తుందని ఆశ. పశువుల కుడితిలో కలిపే తవుడును కన్నబిడ్డకు పేరుగా పెట్టి, దానికి అయ్యనూ అమ్మనూ నాయుడినీ చేర్చి గౌరవంగా పిలుచుకున్న ప్రాంతం ఇది. వట్టి మాట పేరెలా అవుతుందన్న ప్రశ్న ఇక్కడ ఎప్పుడో తేలిపోయింది.

వ్యాకరణం వైపు నుంచీ చిక్కు లేదు. సీత, రమ మొదలైనవి సంస్కృతంలో దీర్ఘాంతాలై తెలుగులో హ్రస్వాంతాలయ్యాయి. తెగువ పుట్టుకతోనే అకారాంతం కనుక ఆ వరుసలో ఒదిగిపోతుంది. తెగువకు, తెగువతో అని విభక్తులు మామూలుగా చేరతాయి, పిలుపులో ‘తెగువా’ అవుతుంది. వాక్యంలో మాత్రం ఒక చిన్న తిరకాసు ఉంది: “తెగువ వచ్చింది” అంటే ధైర్యం వచ్చిందా, పిల్ల వచ్చిందా అన్నది సందర్భాన్ని బట్టి తెలియవలసిందే. శాంతి, కరుణ, ఆశ అనే పేర్లున్న ఇళ్లలో ఇదే తిరకాసుతో అందరూ సుఖంగానే కాపురం చేస్తున్నారు. ఇక మన ఊళ్లలో ఎలాగూ ‘అమ్మ’ చేర్చి తెగువమ్మ అనేస్తారు. అలా అనవద్దని ఆ తల్లిదండ్రులు పట్టుబట్టకపోతే పేరు త్వరగా ఊరిదవుతుంది.