స్లీట్‌ని వడగళ్ళు అనొచ్చా?

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:
అందరికీ నమస్కారం. మా ఊళ్లో ఉగాది కార్యక్రమానికి వచ్చే పెద్దవాళ్ల కోసం వాతావరణం గురించి తెలుగులో చిన్న నోటు రాయాలి. వారాంతం సూచన చూస్తే రెయిన్, స్నో, స్లీట్, ఫ్రీజింగ్ రెయిన్ అన్నీ వరసగా ఉన్నాయి. మొదటి రెండిటితో ఇబ్బంది లేదు. స్లీట్‌ని వడగళ్ళు అనొచ్చా? ఫ్రీజింగ్ రెయిన్‌ని ఏమనాలి?

రాజమండ్రి నుంచి:
మాటలకేం కరువమ్మా! అమరకోశం తీస్తే మంచుకి అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని వరసగా ఏడు దొరుకుతాయి. తుషారవృష్టి అని రాయండి, హుందాగా ఉంటుంది.

ఫిలడెల్ఫియా నుంచి:
మాస్టారూ, తుషారవృష్టి అంటే మా మామయ్యగారు పన్నీరు జల్లుతున్నారనుకుని బయటికి వచ్చేస్తారు! ఆ ఏడూ పద్యానికి బాగా పనికొస్తాయి. కానీ రోడ్డు జారుతుందో లేదో వాటితో తెలియదు.

మంచు అన్న మాటతోనూ చిక్కే. తెల్లవారుజామున హైవేని కమ్మేసేది మంచే, గడ్డి మీద నిలిచేదీ మంచే, లంబసింగిలో ఆకుల మీద పేరుకునేదీ మంచే. 'రాత్రి మంచు పడుతుంది' అంటే మన పెద్దవాళ్లు తలకి మఫ్లర్ చుట్టుకుంటారు గానీ ప్రయాణం మానుకోరు. అందుకే స్నోని స్నో అనే రాసేయండి. ఇక్కడికొచ్చి రెండు నెలలైన అత్తగారికి కూడా ఆ మాట వచ్చేస్తుంది.

వడగళ్ళు మాత్రం వద్దు. అవి ఉరుముల మేఘంలో పుట్టేవి. కింద నుంచి ఎగదన్నే గాలి నీటి చుక్కల్ని పైకి మోసుకుపోతే అక్కడ గడ్డకట్టి, పొర మీద పొర పేరుకుని, గాలి మోయలేనంత బరువెక్కాక రాలతాయి. మన దగ్గర మార్చి, ఏప్రిల్ ఎండల్లోనే వాటి జోరంతా. స్లీట్ పుట్టుక వేరు. పైనుంచి స్నోగానే బయల్దేరుతుంది. మధ్యలో సున్నా డిగ్రీల కన్నా వెచ్చటి గాలి పొర తగిలి కరిగిపోతుంది. నేల దగ్గర మళ్లీ చల్లటి పొర ఉంటుంది. ఆ చల్లటి పొర మందంగా ఉంటే చుక్క దారిలోనే గడ్డకట్టి చిన్న గింజగా పడి కారు అద్దం మీద టపటపా ఎగురుతుంది. అదే స్లీట్. పొర పలచగా ఉంటే గడ్డకట్టే వ్యవధి దొరకదు. నీళ్లుగానే దిగి, రోడ్డుకో కరెంటు తీగకో తగలగానే గాజు పూతలా అతుక్కుపోతుంది. అది ఫ్రీజింగ్ రెయిన్, అన్నిట్లోకీ ప్రమాదమైనది.

మార్చిలో చాలాసార్లు ఐ-95 హైవేకి సముద్రం వైపు వాన, లోపలి వైపు స్నో పడుతుంటాయి. ఆ గీత మీద కాపురం ఉన్న మనకి నాలుగూ ఒకే రోజు దక్కుతాయి. 2018 మార్చిలో మూడు వారాల్లో నాలుగు నారీస్టర్లు (ఈశాన్యపు గాలులతో ఈ తీరాన్ని కొట్టే పెద్ద తుపానులు) వచ్చాయి, గుర్తుందా?

స్లీట్‌కి నా ఓటు 'మంచు నూకలు'. సైజూ సరిపోతుంది, చప్పుడూ సరిపోతుంది. ఫ్రీజింగ్ రెయిన్‌కి ఒక్క మాట కోసం తంటాలు పడకండి, 'తగలగానే గడ్డకట్టే వాన' అనండి చాలు.

వికారాబాద్ నుంచి:
నూకలు బాగుంది. మా దిక్కు వడగళ్ళ వానని రాళ్లవాన అంటాం. 2023 మార్చిలో మర్పల్లిలో పడినప్పుడు నేలంతా తెల్లగా పరుచుకుంటే అందరూ కశ్మీర్ అన్నారు. అది చూసినవాళ్లెవరూ రాళ్లకీ నూకలకీ తేడా అడగరు.

లండన్ నుంచి:
ఒక్క సంగతి. బ్రిటన్‌లో స్లీట్ అంటే వానా స్నో కలగలిసి తడితడిగా పడేది. గింజల్ని ఐస్ పెల్లెట్స్ అంటారు. కాబట్టి మీ నూకలు ఇక్కడ ఉడకవండీ! మాకు 'స్నో కలిసిన వాన' అనాల్సిందే.

రాజమండ్రి నుంచి:
సరే, అమెరికా వరకు నూకలకి నేనూ చెయ్యెత్తుతున్నాను. తుషారాన్ని పద్యానికే ఉంచుకుంటాను. కానీ నాదొక సందేహం. సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందని కదా మన సామెత. ఉగాదికి కూడా పోని చలిని మీరేమంటారు?

ఫిలడెల్ఫియా నుంచి:
మేం దాన్ని మార్చి అంటాం మాస్టారూ.

ఎడిసన్ అమ్మాయికి ఇంకో మాట. నోటులో వంతెనల సంగతి తప్పకుండా చేర్చండి. పైనుంచీ కిందనుంచీ కూడా గాలి తగలడం వల్ల అవి మామూలు రోడ్డు కన్నా ముందే గడ్డకడతాయి. అన్నట్టు, వంతెన అని రాయకండి, బ్రిడ్జి అనండి.