సమస్య: నెత్తి మేకు దిగిన నెమ్మి గలిగె

నిర్వాహకుడు: కార్తికం కడసోమవారం కదా, బెంగళూరు బసవనగుడిలో కడలెకాయి పరిషెకు, అదే వేరుశనక్కాయల జాతరకు, వెళ్ళాను. ఉడికించిన వేరుశనక్కాయల పొట్లంతో అక్కడి గుడిలో పెద్ద రాతినంది దొడ్డబసవన్న ముందు నిలబడి, ఆ నుదుటి శూలం చూస్తుంటే ఈ పద్యపాదం దానంతటదే దిగింది. నెమ్మి అంటే ఇక్కడ నెమ్మది, సుఖం. గర్వభంగం మీద కానివ్వండి.

బసవనగుడి బావ:
బసవనగుడిలోన పైపైకి పెరిగెడు
నంది పొగరుఁ జూచి నాటిజనులు
శూల మెత్తి నుదుటఁ జొప్పించినంతనే
నెత్తి మేకు దిగిన నెమ్మి గలిగె

చేలో శనక్కాయలు మేసి, దెబ్బ తిని రాయైనా ఎదగడం మానలేదట మా బసవన్న. శూలం పడ్డాకే దాదాపు 15 అడుగుల దగ్గర ఆగాడు.

మల్లేశ్వరం మాస్టారు: స్థలపురాణం సరే. నుదురు నెత్తి కాదు, శూలం మేకు కాదు. ఇక పూరణ ఎక్కడ బావగారూ? ఇది చూడండి.

వింధ్య మెదిగి యెదిగి వెలుఁగు నాపఁగ నాఁడు
కుంభజన్ముఁ డడుగఁ గొండ వంగె
మౌని పాదములకు మ్రొక్కెఁ దలను వంచి
నెత్తి మేకు దిగిన నెమ్మి గలిగె

కొత్తమ్మాయి: మాస్టారూ, ఇందులో మేకు ఎక్కడండీ?

మల్లేశ్వరం మాస్టారు: అగస్త్యుడి అడుగే మేకు. పైకి చెప్పకుండా స్ఫురింపజేయడం; దాన్ని ధ్వని అంటారమ్మా.

జయనగర సూరి: ధ్వని వినపడలేదు గానీ మూడో పాదంలో ఏదో విరిగిన చప్పుడైంది. పాదం మొదటి 'మౌ'కు యతిస్థానంలో 'మ్రొ'నా, అచ్చులు కలవవే మాస్టారూ? ఉగాదికి నా 'పై-పె' పట్టుకుని వారం రోజులు ఉతికారే! 'మస్తకమ్మును వంచి' అంటే పోయేది. తల వంచే అలవాటు లేక తట్టలేదేమో. ఇక నాది:

సుత్తి విఱ్ఱవీఁగి చూచిన తలఁ గొట్టి
పిడిని వదలి యెగిరి బిట్టు పడఁగ
వడ్లవాఁడు దాని పాత పిడికిఁ జేర్చ
నెత్తి మేకు దిగిన నెమ్మి గలిగె

నిర్వాహకుడు: ఆహా! నెత్తి సుత్తిదా! నాకే తట్టలేదు సుమా.

కొత్తమ్మాయి: మా తాత సుత్తి ఊడితే రాత్రంతా నీళ్ళ బకెట్లో పిడితో సహా నానేసేవాడు. మళ్ళీ వదులైతే అప్పుడు కొట్టేవాడు తలలో చీల.

మల్లేశ్వరం మాస్టారు: ఆ సుత్తి ఎవరో తెలిసింది సూరిగారూ. యతి తప్పు నాదే, దిద్దుకున్నాను. అయినా ఆ 'బిట్టు' పాదం నింపడానికే కదా?

జయనగర సూరి: అది తీసేస్తే మీరు పడ్డ చప్పుడు ఎలా వినపడుతుంది?

బసవనగుడి బావ: అయ్యా, ఇంతకీ నా నుదురు ఒప్పా, తప్పా?