టెక్సాస్ లాంగ్‌హార్న్స్ జట్టులో అత్యుత్తమ రన్నింగ్ బ్యాక్ ఎవరు?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌ను శ్రద్ధగా గమనించేవారిని ఒక విషయం అడగదలచుకున్నాను. టెక్సాస్ విశ్వవిద్యాలయం జట్టైన లాంగ్‌హార్న్స్ చరిత్రలో, రన్నింగ్ బ్యాక్‌లలో (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాళ్లలో) మొదటి స్థానం ఎర్ల్ క్యాంబెల్‌కు ఇవ్వాలా, రికీ విలియమ్స్‌కు ఇవ్వాలా? విలియమ్స్ నాలుగు సీజన్లలో 6,279 గజాలు పరిగెత్తి, టోనీ డోర్సెట్ పేరిట ఉన్న జాతీయ రికార్డును 1998లో అధిగమించి, అదే ఏడాది దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకున్నాడు. క్యాంబెల్ మొత్తం గజాలు అంతకంటే చాలా తక్కువ. కానీ 1977లో 1,744 గజాలతో దేశంలోనే ముందు నిలిచి, ఆ జట్టుకు తొలి హైస్మన్ తెచ్చినవాడు అతడే. అడ్డొచ్చినవారిని ఢీకొట్టుకుంటూ సాగిపోయే అతని పరుగును పాత వీడియోల్లో చూసినప్పుడల్లా నా మనసు అటే మొగ్గుతుంది. అయితే అతడు మొదటి మూడేళ్లు విష్‌బోన్ పద్ధతిలో, బంతిని సహచరులతో పంచుకుంటూ ఆడాడు గనుక, కేవలం గజాలతో ఇద్దరినీ పోల్చడం న్యాయమేనా? ఆ ఆటలను ప్రత్యక్షంగా చూసినవారు దయచేసి వివరించగలరు.