‘తీర పక్షులు’ అనాలా, ‘శిఖం పిట్టలు’ అనాలా?

ప్రశ్న: చలికాలంలో మన చెరువుల్లో దిగే ఉల్లంకి పిట్టలు (సాండ్‌పైపర్లు), ప్లోవర్లు, స్టింట్లు అన్నిటికీ కలిపి ఏ మాట వాడాలి? ‘తీర పక్షులు’ అంటే సముద్రమే గుర్తొస్తుంది. వరంగల్‌లో ‘ఒడ్డు పిట్టలు’ అంటే సరిపోతుందా?

జవాబు: ఒడ్డు అనకున్రి సార్, తప్పు తావుకు పోతరు. కట్ట దిక్కు రాళ్లు పేర్చి ఉంటయి, నీళ్లు లోతు. గణపతిదేవుని కాలం పాఖాల చెరువు కట్ట మీద నిలబడితే కనబడేది బాతులు, నీటికాకులే. ఈ పిట్టలు ఈదయి, నడుస్తయి. వాటికి శిఖం కావాలె, అంటే నీళ్లు గుంజుకుపోయినంక తేలే చెరువు లోపలి నేల. అక్కడ నేల వాలు తక్కువ, జానెడు నీళ్లు తగ్గినా చానా దూరం బురద తేలుతది. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకే ఏడాది నవంబర్‌ల పోతే బురదే ఉండదు. జనవరి నుంచి మార్చి దాకా మంచిది. అందుకే నా ఓటు ‘శిఖం పిట్టలు’కే.

ఇంకొక జవాబు: మాట బాగుంది, కానీ కామన్ సాండ్‌పైపర్ అందులో ఇమడదండీ. అది మత్తడి రాళ్ల మీద, తూము దగ్గర కూడా తోక ఊపుతూ తిరుగుతుంది. మిగతావాటికి సరే. శిఖంలోనూ కాళ్ల పొడవును బట్టే చోటు: ఎర్రకాళ్ల స్టిల్ట్ పొట్ట తడిసేదాకా దిగుతుంది, పిడికెడంత స్టింట్ తడి అంచు దాటదు, ప్లోవర్ కాస్త ఆరిన బురద మీద పరుగెత్తి ఆగుతుంది.

పొద్దున చూసేటప్పుడు ఎండ వీపున పడాలి. ఎదురెండలో కాళ్ల రంగు పోయి అన్నీ నల్లగా కనిపిస్తాయి. అప్పుడు వుడ్, గ్రీన్ సాండ్‌పైపర్ల తేడా నిలబడ్డప్పుడు తెలియదు. ఎగిరినప్పుడు రెక్క అడుగు చూడాలి. తెల్లగా ఉంటే వుడ్, నల్లగా ఉంటే గ్రీన్. 8×42 బైనాక్యులర్ చాలు, కానీ స్టింట్లకు టెలిస్కోప్ ఉంటే మేలు.

మళ్లీ మొదటివారు: రాళ్ల ముచ్చట నిజమే, ఒప్పుకుంట. తీతువును కూడా ఈ మాటల కలపొద్దు. అది శిఖం దాటి చెలకల్ల, బీళ్లల్ల గుడ్లు పెడుతది, మామూలుగా నాలుగు, ఉత్త నేల మీదనే. అరిస్తే అపశకునం అంటరు గని, ఎండకాలం నెత్తి మీద తిరుగుకుంట అరిచిందంటే గుడ్లు దగ్గర్లనే ఉన్నట్టు. నేల చూసుకుంట వచ్చిన అడుగుల్లనే ఎనుకకు మర్లున్రి.