కుక్కకాటు: ఇమ్యునోగ్లోబులిన్ గాయాలన్నిటికీ చాలకపోతే ఏం చేయాలి?

పీహెచ్‌సీ_స్టాఫ్‌నర్స్:
16 కిలోల బాబు. చెంప మీద ఒకటి, వేలి కొసన ఒకటి, పిక్క మీద రెండు కాట్లు. అన్నిటికీ రక్తం వచ్చింది, అంటే మూడో కేటగిరీ (అన్నిటికంటే తీవ్రమైన రకం). మా దగ్గరున్నది మనుషుల ప్లాస్మాతో చేసిన ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ వైరస్‌ను పట్టుకునే రెడీమేడ్ యాంటీబాడీల మందు), మిల్లీలీటరుకు 150 యూనిట్లు. కిలోకు 20 చొప్పున 320 యూనిట్లు, అంటే 2.1 మి.లీ. నాలుగు గాయాలకు ఎలా సరిపెట్టాలి? 60 కిలోల మనిషికి వేలి మీద ఒక్క కాటే ఉంటే 8 మి.లీ.లో మిగిలింది తొడలో వేయాలా? రక్తంతో చేసిన మందు అనగానే బాబు తల్లిదండ్రులు హెచ్‌ఐవీ అంటుకుంటుందేమోనని భయపడుతున్నారు. వాళ్లకేం చెప్పాలి?

కుక్కకాటు_క్లినిక్:
డోసు పెంచకండి మేడమ్. ఎక్కువైతే టీకాతో పుట్టాల్సిన యాంటీబాడీలను అదే అణిచేస్తుంది. నార్మల్ సెలైన్ కలిపి 5–6 మి.లీ. చేసుకోండి. యూనిట్లు అవే ఉంటాయి, గాయాలన్నిటికీ అందుతుంది.

అంతకంటే ముందు సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. చాలామంది కారమో సున్నమో అద్ది తీసుకొస్తారు, అదంతా పోవాలి. తర్వాత పొవిడోన్ అయోడిన్.

మొదట చెంప గాయం చూడండి, అక్కడ నరాలు ఎక్కువ, మెదడు దగ్గర. సన్న సూదిని గాయం అంచు నుంచి అడుగుదాకా దించి, రక్తనాళంలో లేదని చూసుకుని, వెనక్కి తీస్తూ కొద్దికొద్దిగా వదలండి. వేలి కొసలో చోటుండదు. బలవంతంగా ఎక్కిస్తే లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆడదు. వేలు తెల్లబడుతోందంటే ఆపేయాలి. చెంపకు కుట్లు తప్పకపోతే ఇమ్యునోగ్లోబులిన్ వేశాక కొన్ని గంటలు ఆగి, వదులుగా వేయించండి.

టీకా_సూపర్‌వైజర్:
రెండో ప్రశ్నకు: తొడలో వద్దు. మిగిలింది దూరంగా కండరంలో వేయనక్కర్లేదని డబ్ల్యూహెచ్‌ఓ 2018లోనే చెప్పింది. వైరస్ నరాన్ని అందుకోకముందే గాయంలోనే దాన్ని పట్టుకోవాలి, తొడలో వేసిన మందు అక్కడికి చాలినంత చేరదు. శుభ్రత చెడకుండా ముందే వేరే స్టెరైల్ సిరంజీల్లోకి తీసుకుంటే మిగిలింది ఇంకో రోగికి పనికొస్తుంది.

టీకాకు వేరే సిరంజి, వేరే చోటు. పిరుదులో మాత్రం వేయకండి, అక్కడి కొవ్వులో టీకా సరిగా పనిచేయదు. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో రెండేసి చోట్ల 0.1 మి.లీ. మొదటి రోజు ఇమ్యునోగ్లోబులిన్ దొరక్కపోతే టీకా ఆపొద్దు. మొదటి డోసు పడ్డాక ఏడో రోజు వరకూ ఇవ్వొచ్చు. ఆ తర్వాత ఒంట్లోనే యాంటీబాడీలు తయారవుతాయి కాబట్టి అవసరం ఉండదు.

ప్లాస్మా_ల్యాబ్:
తల్లిదండ్రుల భయం సహజమే. వాళ్లకు ఇలా చెప్పండి: రేబిస్ టీకా వేసిన దాతల ప్లాస్మాను హెచ్‌ఐవీకి, హెపటైటిస్ బీ, సీలకు పరీక్షించాకే వాడతారు. ఆల్కహాల్‌తో యాంటీబాడీల భాగాన్ని విడదీస్తారు. సాల్వెంట్-డిటర్జెంట్ చర్య వైరస్‌ల కొవ్వు పొరను చీల్చేస్తుంది, ఈ మూడిటికీ ఆ పొర ఉంది. 60 డిగ్రీల దగ్గర 10 గంటలు వేడిచేసే తయారీదార్లూ ఉన్నారు. బ్లడ్ గ్రూపు కలవాల్సిన పని లేదు.

"మా రక్తం తీసుకోండి" అని బంధువులు ముందుకొస్తారు. బ్లడ్ బ్యాంకు మామూలు ప్లాస్మా ఇందుకు పనికిరాదు, అందులో రేబిస్ యాంటీబాడీలు ఎన్నున్నాయో లెక్క ఉండదు.

వయల్ గడ్డకట్టి ఉంటే పారేయండి, 2–8 డిగ్రీల్లోనే ఉండాలి. బాబుకు తట్టు టీకా బాకీ ఉంటే 4 నెలలు ఆగాలి, ఈ యాంటీబాడీలు దాన్ని పనిచేయనివ్వవు. తేదీతో సహా కార్డు మీద రాసివ్వండి.