సమస్యాపూరణం: తనయుఁ డుదయించిన పిదపఁ దండ్రి పుట్టె

నిర్వాహకుడు:
ఈ వారం పాదం పాత అట్టపెట్టె సర్దుతుంటే దొరికింది. స్టార్ వార్స్ మొదటి భాగం (కథ వరుసలో మొదటిది, విడుదలలో నాలుగోది) పోస్టర్ ఒక ఇంగ్లీషు పత్రికలో పడితే కత్తిరించి దాచుకున్నాను. సినిమా ఇంకా రాలేదప్పటికి. ఇసుక నేల మీద ఓ చిన్న పిల్లాడు, వాడి నీడ వెనక గోడ మీద డార్త్ వేడర్ ఆకారంలో పడుతుంది. వాడే పెరిగి విలన్ వేడర్ అవుతాడు; వేడర్ కొడుకు లూక్ కథ మాత్రం అంతకు ముందే మూడు సినిమాలుగా వచ్చేసింది. కాగితం పసుపుపచ్చగా మారింది, మడతల దగ్గర చిరిగింది. నీడ నలుపు మాత్రం తగ్గలేదు. చూస్తూ ఉండగానే నోటికొచ్చింది:

తనయుఁ డుదయించిన పిదపఁ దండ్రి పుట్టె

సినిమా మీదే పూరించాలని లేదు. కానీ దానికోసం కాచుకొని కూర్చున్నవాళ్లు మనలో ఉన్నారు. పద్యంతో పాటు ఆ ముచ్చట కూడా రాయండి.

కాజీపేట జంక్షన్:

ముందు తెరమీఁద లూకుఁడు మూఁడు చిత్ర
ములను వెలుఁగొంది నిలిచెను, ముగిసె ననుచు
మనము పదియారు వర్షాలు మరులుగొనఁగ
తనయుఁ డుదయించిన పిదపఁ దండ్రి పుట్టె

1977లో కొడుకు లూక్ కథ, 1999లో తండ్రి వేడర్ బాల్యం. ఈ పాదం నాకోసమే ఇచ్చినట్టుంది అన్నా. మొదటి మూడు సినిమాలనూ అద్దె క్యాసెట్లలో చూశాను. 1983లో మూడోది వచ్చాక ఇంకేమీ లేదని అనుకున్నవాళ్లలో నేనొకణ్ణి. 1998 నవంబర్‌లో ట్రైలర్ వచ్చినప్పుడు అమెరికాలో జనం దానికోసమే వేరే సినిమాకు టికెట్ కొని, ట్రైలర్ అయిపోగానే లేచి వెళ్లిపోయారని పేపర్లో చదివాను. మా నాయినకు చదివి వినిపిస్తే, పైసలిచ్చి సినిమా చూడకుండా పోతారా అని నమ్మలేదు.

నేను ఆ ట్రైలర్ చూసింది హనుమకొండ చౌరస్తా దగ్గర ఓ నెట్ సెంటర్లో. బొమ్మ అగ్గిపెట్టెంత. ఆగుతూ ఆగుతూ కదిలేది. ఎర్ర మొహం విలన్ డార్త్ మాల్ చేతిలో వెలుగు కత్తి ఒక పక్క వెలిగింది. రెండో పక్క కూడా వెలిగింది. అక్కడే ఆగిపోయింది, నా గంట కూడా అయిపోయింది. జేబులో ఇంకో గంటకు డబ్బుల్లేవు. రెండంచుల ఆ ఎర్ర కత్తిని తలుచుకుంటూ కాజీపేట దాకా నడిచాను.

మట్టెవాడ సార్:
జంక్షన్, మూడో పాదం చూసుకో. "మరులుగొనఁగ" ద్రుతప్రకృతికం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాత పరుషం (క చ ట త ప) వస్తే సరళం (గ జ డ ద బ) కావాలి. "మరులుగొనఁగఁ / దనయుఁ" అని ఉండాలి. ఇచ్చిన పాదాన్ని ముట్టుకోకూడదని వదిలేశావేమో, కానీ సంధి కోసం మార్చితే తప్పు కాదు. యతికి కూడా ఇబ్బంది లేదు, దకారానికి దకారమే పడుతుంది. "లూకుఁడు" మాత్రం బాగుంది. విభక్తి తొడిగితే పరాయివాడు కూడా మన అరుగు మీద కూర్చున్నట్టే ఉంటాడు. నా పూరణ:

ఇసుక నేలపై నిలిచిన నిసుఁగు నీడ
గోడపయిఁ బడె వేడరై; గుండె యదరె;
కథకుఁ దుది యెఱిఁగియు నాదిఁ గాచియుండఁ
దనయుఁ డుదయించిన పిదపఁ దండ్రి పుట్టె

నిర్వాహకుడు:
"కథకుఁ దుది యెఱిఁగియు." ఈ ఒక్క పాదంలో ఆ పదహారేళ్లూ ఉన్నాయి సార్. ఆ పిల్లాడు ఏమవుతాడో అందరికీ తెలుసు. 1980 సినిమాలోనే వేడర్ నేనే నీ తండ్రినని చెప్పేశాడు. తెలిసిన ముగింపు కోసం కాదు మనం కాచుకున్నది, ఆ ముగింపుకు వాడు ఎట్లా చేరాడో చూడటానికి.

కాజీపేట జంక్షన్:
సంధి తప్పు ఒప్పుకుంటున్నాను సార్. రెండో పాదం చదివి నాకూ ఒళ్లు జలదరించింది. కానీ "ఆదిఁ గాచి" దగ్గర నాకు పట్టేసింది. కాచు అంటే కాపాడటం అని కదా ముందు తోచేది? పసులు కాచినట్టు మొదలును కాచామా? ఇంకోటి. నీడ, తుది, మొదలు అన్న ఈ దారి మీకు కొత్త కాదు. "అసురుఁ డీల్గిన పిమ్మట నవతరించె" అన్న పాదం ఇచ్చినప్పుడు మీరు ఉత్తరకాండ తెచ్చి అందరి నోళ్లూ మూయించారు. ఆ రోజు నా పూరణ పక్కకు పోయింది. నేను మరిచిపోలేదు.

మట్టెవాడ సార్:
కాచుకొను అన్న అర్థంలో కాచు వాడుక ఉంది, కాని నీకు వేరే అర్థం ముందు తోచిందంటే పద్యంలో ఆ సందు ఉన్నట్టే. ఒప్పుకుంటాను. ఉత్తరకాండ మాట ఎత్తావు కాబట్టి చెప్తాను. రావణుడు చచ్చి, రాముడికి పట్టాభిషేకం అయిన తర్వాత అగస్త్యుడు వచ్చి రావణుడి పుట్టుక చెప్తాడు. విలన్ చచ్చినాక వాడి బాల్యం వినడం మనకు ఎప్పటినుంచో ఉంది. తిక్కన అయితే ముందు కాండలన్నీ వదిలేసి ఉత్తర కథతోనే నిర్వచనోత్తర రామాయణం రాశాడు. ఆ తిక్కన మన ఓరుగల్లుకు వచ్చి గణపతిదేవుణ్ణి కలిశాడని సిద్ధేశ్వర చరిత్ర అన్న పాత గ్రంథం చెప్తుంది. అందుకే ఈ సినిమా కోసం జనం అట్లా ఎగబడితే నాకు వింతగా అనిపించలేదు. మా ఊళ్లో ఒగ్గు కథ రాత్రంతా నడిచేది. మల్లన్న కథ ఎక్కడ ఆగుతుందో పిల్లలకు కూడా తెలుసు. అయినా తెల్లారేదాకా ఎవరూ లేచేవాళ్లు కాదు.

ఇక ఆ రోజు నీ పూరణ పక్కకు పోలేదు. "అవతరించె" మీద నువ్వు పట్టిన విరుపు నా నోట్‌బుక్కులో రాసి పెట్టుకున్నాను.

భద్రకాళి చెరువు:
నాకు వ్యాకరణం మీ అంత రాదు. మా ఆయన ఆ సినిమా పిచ్చివాడు, నేను కాదు. పూరణ ఇదిగో.

మగఁడు మాత్రమె యాతఁడు మాపువఱకు;
పురిటి గదిలోన వినిపింప బుడత కేక
గుండెలోఁ గొత్త మనిషి మేల్కొనియె నపుడు;
తనయుఁ డుదయించిన పిదపఁ దండ్రి పుట్టె

సినిమా అమెరికాలో 1999 మే 19న విడుదలైంది. మా బాబు పుట్టింది ఆ నెలలోనే. ఎండలు ఎట్లున్నాయంటే గోడ ముట్టుకుంటే చెయ్యి కాలేది. విడుదలకు వారాల ముందే అక్కడ లాస్ ఏంజెలెస్‌లో చైనీస్ థియేటర్ ముందు జనం లైన్లో కూర్చున్నారని మా ఆయన ఓ పత్రికలో చూసి, అది పట్టుకునే తిరిగేవాడు. నన్ను లోపలికి తీసుకుపోయినప్పుడు బయట బెంచీ మీద అదే పత్రిక మడిచి విసురుకుంటూ కూర్చున్నాడట. బాబును చేతికిచ్చినాక పత్రిక బెంచీ మీదే వదిలేసి వచ్చాడు. మళ్లీ దాని ఊసెత్తలేదు. సినిమా చాలా రోజుల తర్వాత, బాబును ఒళ్లో పెట్టుకొని టీవీలో చూశాడు.

సుబేదారి:
అక్కా, భావం గొప్పగా ఉంది. కానీ మూడో పాదంలో యతి తప్పినట్టుంది. మొదట "గుం", యతి స్థానంలో "ల్కొ". గకారానికి లకారం చెల్లదు కదా?

మట్టెవాడ సార్:
తప్పలేదు తమ్మీ. "ల్కొ" సంయుక్తాక్షరం. అందులో ఉన్న ఏ హల్లుతోనైనా యతి వేయొచ్చు. కకారం గకారానికి చెల్లుతుంది, ఒకారం ఉకారానికి చెల్లుతుంది. అక్క వ్యాకరణం రాదని రాసింది, కానీ చెవి ఉంది.

కాజీపేట జంక్షన్:
నేను సంవత్సరాలు లెక్కబెట్టాను. సార్ నీడ పట్టుకున్నారు. అక్క మాత్రం సినిమా లేకుండానే పాదాన్ని నిజం చేసింది. కొడుకు పుట్టేదాకా తండ్రి అన్నవాడు లేడు. ఈ వారం పద్యం ఇదే అని నా అభిప్రాయం. "మాపువఱకు" అన్న మాట ఇంకెవరూ వేయరు. సాయంత్రం దాకా అని కాకుండా మాపు అనడంలోనే ఆ పురిటి రాత్రి ఉంది.

సుబేదారి:
సరే, నేర్చుకున్నాను సార్. పద్యం తర్వాత పెడతాను. ఇంతలో ఒక సంగతి. ఆ సినిమాలో ఎర్ర మొహం వాడితో చివరి పోరు దగ్గర బృందగానం వస్తుంది కదా, అది సంస్కృతం. జాన్ విలియమ్స్ ఒక పాత వెల్ష్ పద్యంలోంచి మాటలు తీసుకొని సంస్కృతంలోకి మార్పించి పాడించాడు. మొదటిసారి తెలిసినప్పుడు పాట పెట్టుకొని మాటలు పట్టుకుందామని రాత్రంతా కూర్చున్నాను. ఒక్కటీ అందలేదు.

మట్టెవాడ సార్:
అందదు. స్వరం కోసం అక్షరాలు విరిచేశారు. ఏ మాట ఎక్కడ ఆగుతుందో వినేవాడికి తెలియదు. నేనూ కూర్చున్నాను.

కాజీపేట జంక్షన్:
ఇంకో ముచ్చట రాసి ఆపేస్తాను. వానలు పడ్డాక ముగ్గురం గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ పోయి సినిమా చూశాం. సినిమా మొదట్లో కథ చెప్పే పసుపు అక్షరాలు వాలుగా పైకెక్కుతుంటే ముగ్గురం ఊపిరి బిగబట్టాం. చదివితే వర్తక దారుల మీద పన్నుల తగాదా. మా దోస్తు మొహం అక్కడే వాడిపోయింది. నాకు మాత్రం చివరి కత్తి పోరు చాలు. నెట్ సెంటర్లో ఆగిపోయిన బొమ్మ అక్కడ పూర్తిగా కదిలింది.

పోయిన నెల మా వాడికి ఈ సినిమాలన్నీ చూపెట్టాను. వాడు ఒకటి, రెండు, మూడు అని అంకెల వరుసలో చూస్తానన్నాడు. ఐదోది, అంటే ఆ 1980 సినిమా, వచ్చేసరికి వేడర్ తండ్రినని చెప్తే, "తెలుసు కదా నాయినా" అన్నాడు. నేను వాడి మొహం చూస్తూ కూర్చున్నాను. వాడికి తండ్రే ముందు పుట్టాడు. నిర్వాహకుడన్న ఇచ్చిన పాదంలో వాడికి సమస్యే లేదు. అందుకని ఇంకోటి:

అంకె వరుసఁ జూచిన నేఁటి యర్భకునకు
వింత యేమియుఁ దోఁపదు, వేచినట్టి
మాకె తెలియును దీనిలో మర్మ మెల్లఁ
దనయుఁ డుదయించిన పిదపఁ దండ్రి పుట్టె

భద్రకాళి చెరువు:
మా బాబు కూడా అంకెల వరుసలోనే చూశాడు జంక్షన్. వాళ్ల నాన్న ఆపాలని చూశాడు, వినలేదు.

మట్టెవాడ సార్:
"ఎల్లఁ దనయుఁ." ఈసారి సరళం వేశావు. "వేచినట్టి" కూడా చూశాను. నేను కాచి అన్న చోట నువ్వు వేచి అన్నావు. నీ మాటే సరైంది. నా మూడో పాదం మార్చి రేపు మళ్లీ పెడతాను.